రాసినవారు వెళ్ళిన తర్వాత: లినక్స్ శైలిపత్రం — ఒక పరిశీలన

మా శాఖలో కొన్నేళ్ళుగా ఒక పదసూచిక తయారవుతోంది. ఈ ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్ళలో దొరికిన పాత దస్తావేజులు, జమాఖర్చు కాగితాలు, ఉత్తరాలు చదివి, వాటిలోని మాటలు ఏరి, కంప్యూటరులో ఎక్కించి వరుసక్రమంలో అమర్చే పని అది. అమర్చే ప్రోగ్రాంను ఎం.ఏ. విద్యార్థి ఒకరు ఎంతో ఓపికతో రాసి, చదువు ముగించుకొని వెళ్ళిపోయారు. తరువాతి సంవత్సరం ఆ పని అందుకొన్న విద్యార్థికి అందులో ఒక పంక్తి అనవసరంగా కనిపించింది. ‘ఱ’ అనే ఒక్క అక్షరాన్ని దాని చోటు నుంచి తీసి వర్ణక్రమం చివరకు పంపే పంక్తి అది. ఎందుకు అలా చేశారో ఎక్కడా రాసి లేదు. పొరపాటై ఉంటుందని భావించి ఆ విద్యార్థి దాన్ని తొలగించారు. ప్రోగ్రాం ఎప్పటిలాగే నడిచింది. ఎవరికీ ఏమీ తెలియలేదు.

యూనికోడ్ పట్టికలో ‘ఱ’ స్థానం ‘ర’ పక్కనే. మనం చిన్నప్పుడు పలకమీద దిద్దిన వర్ణమాలలో బండి ‘ఱ’ చివరన వస్తుంది. మా సూచిక ఆ పాత క్రమాన్నే పాటించాలని మొదట నిర్ణయించుకొన్నాం. ఆ ఒక్క పంక్తి పోవడంతో ఱాయి, ఱెక్క వంటి మాటలు రకారానికీ లకారానికీ నడుమకు వచ్చి కూర్చున్నాయి. చెఱకు, చెఱువు వంటివి కూడా స్థానం మారాయి. దాంతో వాటి తరువాత వచ్చే మాటల వరుస సంఖ్యలన్నీ తప్పాయి. ఆ సంఖ్యలను ఆధారం చేసుకొని ఇద్దరు పరిశోధకులు రాసిన అధ్యాయాలను మొదటి నుంచి సరిచూసుకోవలసి వచ్చింది. నెలల శ్రమ వృథా అయింది.

తప్పు ఎవరిది? రాసినవారు సరిగానే రాశారు. తీసినవారు బుద్ధిపూర్వకంగానే తీశారు. ఇద్దరి మధ్య ఉండవలసిన ఒక్క వాక్యం లేకపోయింది. ఈ ప్రశ్న మనసులో ఉండగా మేము లినక్స్ కెర్నల్ వారి ‘కోడింగ్ స్టైల్’ అనే పత్రాన్ని చదివాం. దాన్ని ఈ వ్యాసంలో శైలిపత్రం అని వ్యవహరిస్తాం. తెలుగు అధ్యయనాల పత్రికలో దీని ప్రస్తావన ఏమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. శైలి అంటే ఏమిటి, అది ఎవరికోసం అన్న చర్చ మనకు కొత్త కాదు. రీతిని కావ్యానికి ఆత్మగా నిలిపిన వామనుని నాటి నుంచి ఆ చర్చ సాగుతూనే ఉంది. అదే చర్చకు మరొక రంగంలో వచ్చిన సమాధానం ఈ పత్రంలో ఉంది. దాని గుణాన్నీ దోషాన్నీ విమర్శదృష్టితో చూడటం మన విద్యార్థులకు ఉపయోగపడుతుందని మా నమ్మకం.

పత్రం, దాని కర్త

లినక్స్ కథ తెలిసిందే. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టులో తన ప్రయత్నాన్ని ప్రకటించారు. ఆ సెప్టెంబరులో విడుదలైన తొలి ప్రతిలో ఉన్నవి సుమారు పదివేల పంక్తులు. ఇవాళ అది మూడు కోట్ల పంక్తులు దాటింది. చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను మొదలు ప్రపంచంలోని అతివేగవంతమైన కంప్యూటర్ల దాకా అదే నడుస్తోంది. మూలం అందరికీ బాహాటంగా అందుబాటులో ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్పును పంపవచ్చు. దేశదేశాల వారు, ఒకరి ముఖం ఒకరు చూడనివారు, వేల సంఖ్యలో కలిసి రాస్తున్న ఏకగ్రంథం అది.

ఇంతమంది రాసే గ్రంథానికి నియమాలు తప్పవు. ప్రాజెక్టు తొలి సంవత్సరాల్లోనే, 1990ల మధ్యలో, టోర్వాల్డ్స్ స్వయంగా ఒక చిన్న పత్రం రాశారు. తరువాత ఇతరులు దానికి అధ్యాయాలు చేర్చారు. 2016లో దాని రూపాన్ని మార్చి కెర్నల్ పత్రాలలో వేరే స్థానంలో పెట్టారు. మొదటి అధ్యాయాల గొంతు మాత్రం ఇప్పటికీ ఆయనదే. టోర్వాల్డ్స్ ఫిన్లాండులో స్వీడిష్ మాట్లాడే అల్పసంఖ్యాక కుటుంబంలో పుట్టినవారు. తన మాతృభాష కాని ఇంగ్లీషులో, ఇంగ్లీషు మాతృభాష కాని ఎందరికోసమో ఈ పత్రం రాశారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో మరొక భాషగా పెరిగిన మన పాఠకులకు ఈ స్థితి తెలియనిది కాదు. పత్రంలోని వాక్యాలు పొట్టిగా, సూటిగా ఉండటానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

పత్రం ప్రారంభమే గమనించదగ్గది. శైలి వ్యక్తిగతమైన విషయమని కర్త మొదటే ఒప్పుకొంటారు. తన అభిప్రాయాన్ని ఎవరి మీదా రుద్దనంటారు. కాని తాను నిర్వహించవలసిన కోడ్ ఏదైనా సరే ఇలాగే ఉండాలంటారు. రాసేటప్పుడు ఎవరి శైలి వారిది; పదిమంది చేతుల్లోకి వెళ్ళి, ఒకరు దాన్ని కాపాడుకొంటూ రావలసిన పరిస్థితి ఏర్పడగానే శైలి మీద హక్కు చదివేవారికి మారుతుంది. ఈ పత్రానికి మేము కట్టే విలువంతా ఈ ఒక్క సూత్రంలో ఉంది.

కంటికీ జ్ఞాపకానికీ ఉన్న హద్దులు

మొదటి నియమం పంక్తికి ముందు వదిలే ఖాళీ గురించి. ఒక పనిలోపల మరొక పని వచ్చినప్పుడల్లా ఎనిమిది అక్షరాల వెడల్పున లోపలికి జరగాలని పత్రం ఆదేశిస్తుంది. నాలుగు చాలునన్నవారిని పరిహసిస్తుంది కూడా. అయితే వెంటనే కారణం చెబుతుంది. ఇరవై గంటలపాటు తెర చూసి అలసిన కంటికి ఎనిమిదయితే ఏది దేనిలో భాగమో ఇట్టే తెలుస్తుంది. ఇలా మూడు మెట్లకు మించి లోపలికి వెళ్ళవలసి వస్తే రాతలోనే ఏదో చిక్కు ఉంది, దాన్ని విడదీసి రాయమంటుంది. ఖాళీ వదలడం ఇక్కడ అలంకారం కాదు, రాసినవారికి హెచ్చరిక.

ఫంక్షన్ల విషయం కూడా అంతే. ఒక ఫంక్షన్ ఒకే పని చేయాలి. తెర మీద ఒకటి రెండు నిండులకు మించకూడదు. తెర అంటే ఎనభై అక్షరాల వెడల్పు, ఇరవైనాలుగు పంక్తుల ఎత్తు గల పాతకాలపు కొలత. ఒక ఫంక్షన్‌లో స్థానిక వేరియబుళ్ళు అయిదు నుంచి పది మించితే ఏదో తప్పు జరుగుతోందని అనుమానించాలి. మనిషి మెదడు ఏడింటిని సులువుగా గుర్తుంచుకొంటుంది, ఆపైన తికమక పడుతుంది అన్నది దీనికి ఇచ్చిన కారణం. నువ్వెంత ప్రతిభావంతుడివైనా రెండు వారాల తరువాత నీ రాత నీకే అర్థం కావాలి కదా అని పత్రం సున్నితంగా ఎత్తిపొడుస్తుంది. రెండు వారాలు గడిచిన కర్త కూడా ఒక పాఠకుడే.

పేర్ల అధ్యాయం మాకు మరింత నచ్చింది. రెండు పంక్తుల్లో పని తీరిపోయే తాత్కాలిక వేరియబుల్‌కు పొడవాటి పేరు పెట్టడం వృథా ఆడంబరం. ప్రోగ్రాం అంతటా కనిపించే ఫంక్షన్‌కు మాత్రం అర్థం తెలిసే పేరే ఉండాలి. పనిచేస్తున్న వాడుకరులను లెక్కించే ఫంక్షన్‌కు ఆ మాటలన్నీ కనిపించేలా ‘కౌంట్ యాక్టివ్ యూజర్స్’ అని పెట్టాలి కాని, అచ్చులు తీసేసి ‘సిఎన్‌టియుఎస్ఆర్’ అని కుదించకూడదు. పేరు పొడవును నిర్ణయించేది అది ఎంత దూరం ప్రయాణించాలన్న ఔచిత్యం. క్షేమేంద్రుడు కావ్యంలో ఔచిత్యాన్ని వెదికిన చోట ఈ కర్త కోడ్‌లో వెదికాడనిపిస్తుంది. మా పదసూచిక ప్రోగ్రాంలో వేరియబుళ్ళ పేర్లు ఎ1, ఎ2, ఎ3 అని ఉండేవి. ఏది ఊరో, ఏది దస్తావేజు తేదీయో, ఏది పదమో రాసినవారికి మాత్రమే తెలుసు.

పాత ప్రతులు చదివిన విద్యార్థులకు ఇదంతా వెంటనే బోధపడాలి. తాటాకు ప్రతిలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. పద్యం పాదాలుగా విడదీసి ఉండదు. ఆకు అంచు వచ్చేదాకా రాత ఏకధాటిగా సాగుతుంది. ఛందస్సు, వ్యాకరణం తెలిసిన పాఠకుడు విడదీసుకొని చదువుకోవాలి. తరువాత అచ్చుయంత్రం వచ్చి పాదవిభాగం, పదవిభాగం, విరామచిహ్నాలు తెచ్చింది. పాఠకుల సంఖ్య పెరిగింది. ఇక కరణాల గొలుసుకట్టు రాత సంగతి మా సూచికకు పనిచేసినవారందరికీ అనుభవమే. చెయ్యి ఎత్తకుండా వేగంగా రాసినవారికి అది ఎంతో సదుపాయం. అయితే ఆ వృత్తిలో పెరిగినవారు పోయాక, వారి మనుమల ఇళ్ళలోనే ఆ కాగితాలు మూగపోయాయి. సొంత తాత రాసిన కాగితాన్ని చదివిపెట్టమని మా దగ్గరకు తెచ్చినవారు ఉన్నారు. రాసేవారి సౌలభ్యం కోసం ఏర్పడిన శైలికీ చదివేవారి సౌలభ్యం కోసం ఏర్పడిన శైలికీ తేడా ఇక్కడ కనిపిస్తుంది. శైలిపత్రం రెండవ పక్షాన నిలబడింది.

పంక్తి నిడివి విషయంలో మరొక పోలిక ఉంది. తాటాకు ప్రతిలో పంక్తి ఎంత ఉండాలో ఆకే నిర్ణయించింది. కోడ్‌లో ఎనభై అక్షరాల హద్దు ఐబిఎం సంస్థ 1928లో ప్రవేశపెట్టిన ఎనభై నిలువు వరుసల పంచ్‌కార్డు నుంచి వారసత్వంగా వచ్చింది. కార్డులు పోయాయి, హద్దు మిగిలింది. 2020 మే నెలలో దీని మీద చర్చ జరిగినప్పుడు, ఎనభై కోసం పంక్తులను ముక్కలు చేయడం చదువరికి మేలు కన్నా కీడే చేస్తోందని టోర్వాల్డ్స్ అభిప్రాయపడ్డారు. తనిఖీ సాధనంలో హెచ్చరిక హద్దును నూటికి పెంచారు. పత్రంలో మాత్రం ఎనభయ్యే మేలన్న మాట నిలిచింది. కారణం తెలిసిన నియమాన్ని మార్చుకోవచ్చు, కారణం మరిచిపోయిన నియమం ఆచారంగా మిగిలిపోతుంది. ఆ సాధనం మార్గదర్శి మాత్రమే, మనిషి విచక్షణకు ప్రత్యామ్నాయం కాదని కెర్నల్ వారి మరొక పత్రం చెబుతుంది. నియమం తప్పినప్పుడే రాత బాగుంటే దాన్ని అలాగే ఉంచమంటుంది. కవులకు నిరంకుశత్వం ఇచ్చిన సంప్రదాయంలో పెరిగిన మనకు ఈ సడలింపు సహజంగానే తోస్తుంది.

‘ఎందుకు’ అన్న ప్రశ్న

ఇంతవరకు గుణం చెప్పాం. ఇక అభ్యంతరాలు.

కోడ్ పక్కన రాసే వ్యాఖ్యల గురించి పత్రం చెప్పే మాట ప్రసిద్ధమైనది. ఎలా చేస్తోందో వ్యాఖ్యలో వివరించబోకు, ఏమి చేస్తోందో చెప్పు అన్నది దాని సారాంశం. ఎలా అన్నది కోడే చెప్పాలి. చెప్పలేకపోతే కోడ్‌నే తిరగరాయాలి. ఇది మంచి మాట. పద్యంలోని ప్రతి పదానికీ పర్యాయపదం రాసి టీక అనిపించుకొనే పనిని మనమూ మెచ్చం. అయితే ఆ వెంటనే పత్రం, వ్యాఖ్యను ఫంక్షన్ తలకట్టున పెట్టి అది ఏమి చేస్తుందో, వీలైతే ఎందుకు చేస్తుందో చెప్పమంటుంది. ఆ ‘వీలైతే’ దగ్గరే మాకు పేచీ. ఏమి చేస్తుందన్నది ఓపిక ఉంటే కోడ్ నుంచి తెలుసుకోవచ్చు. ఎందుకు చేస్తుందన్నది కోడ్ ఎన్నటికీ చెప్పలేదు. ‘ఱ’ను చివరకు పంపుతోందని మా రెండవ విద్యార్థికి చదవగానే తెలిసింది. ఎందుకన్నదే తెలియలేదు. మా నష్టమంతా ఆ ‘వీలైతే’ అన్న మాటంత చోటులో జరిగింది.

కెర్నల్ వారికి ఈ లోటు తెలియదని అనలేం. వారు దాన్ని వేరొక చోట తీర్చుకొన్నారు. మార్పు పంపే ప్రతివారూ దానితోపాటు ఒక వివరణ రాయాలి. సమస్య ఏమిటి, దానివల్ల వాడుకరికి కలిగే ఇబ్బంది ఏమిటి, ఈ పరిష్కారం ఎందుకు తగినది అన్నవి అందులో ఉండాలి. 2005లో టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ అనే సాధనం ఈ వివరణలన్నిటినీ మార్పులతో జతచేసి భద్రపరుస్తుంది. ఏ పంక్తి ఎవరు, ఎప్పుడు, ఏ కారణం చెప్పి రాశారో ఇవాళ అడిగినా చూపుతుంది. పాఠాంతరాలతో, పీఠికతో సహా ఉన్న పరిష్కృత ప్రతి వంటిది అది. సి.పి. బ్రౌన్ పండితుల చేత పలు ప్రతులు సేకరించి, పోల్చి, తేడాలు గుర్తించి పాఠాలు తయారు చేయించిన శ్రమ మనకు తెలుసు. ఆ శ్రమ ఇక్కడ రోజువారీ అలవాటుగా మారింది. కాని శైలిపత్రం మాత్రమే చదివి, ఈ రెండవ అలవాటు తెలుసుకోనివారు సగం పాఠమే నేర్చినవారవుతారు. పత్రం ఈ మాట తానే గట్టిగా చెప్పి ఉండవలసింది.

రెండవ అభ్యంతరం ఫ్లవర్ బ్రాకెట్ల గురించి. షరతు కింద ఒకే ఒక్క వాక్యం ఉంటే బ్రాకెట్లు అనవసరమంటుంది పత్రం. పంక్తులు ఆదా అవుతాయి, తెర మీద ఎక్కువ కనిపిస్తుంది. ఈ అలవాటు ఎంత ప్రమాదకరం కాగలదో 2014 ఫిబ్రవరిలో వేరొక చోట బయటపడింది. ఆపిల్ సంస్థ బహిరంగంగా విడుదల చేసిన భద్రతా కోడ్‌లో, బ్రాకెట్లు లేని ఒక షరతు కింద ‘గోటూ ఫెయిల్’ అనే పంక్తి రెండుసార్లు పడింది. రెండూ ఒకే మేరకు లోపలికి జరిగి ఉన్నాయి. కంటికి రెండూ షరతుకు లోబడినట్లే కనిపించాయి. యంత్రం మొదటిదాన్నే షరతుకు లోబడినదిగా తీసుకొంది. రెండవది అన్నివేళలా అమలై, ఆ కింద ఉన్న అసలు తనిఖీని దాటిపోయింది. సురక్షితమనుకొన్న సంభాషణను దారిలో ఉన్నవారు చదవగల స్థితి ఏర్పడింది.

కొందరు దీన్ని ‘గోటూ’ మీదికి నెట్టారు. అది సరికాదు. తప్పు జరిగినప్పుడు తీసుకొన్నవన్నీ వరుసగా తిరిగి ఇచ్చి ఒకే ద్వారం నుంచి బయటికి రావడానికి ‘గోటూ’ వాడవచ్చని శైలిపత్రం చెప్పడం సహేతుకమే. దోషం ఖాళీలది. ఖాళీ చదువరికి ఒక అర్థం చెప్పింది, వాక్యం యంత్రానికి మరొక అర్థం చెప్పింది. జిసిసి కంపైలర్ 2016 నాటి ఆరవ సంచికలో, ఇలా ఖాళీలు తప్పుదారి పట్టించే చోట్ల హెచ్చరించే ఏర్పాటు చేరింది. కాబట్టి ఈనాడు ఆ నియమం వల్ల కలిగే కీడు తగ్గింది. కాని కొత్తగా నేర్చుకొనే మన విద్యార్థులు బ్రాకెట్లు పెట్టడమే మేలని మా సలహా. రెండు పంక్తులు ఎక్కువైనా నష్టం లేదు.

పరిహాసం, పరుషం

మూడవ అభ్యంతరం స్వరం గురించి. ఈ పత్రం హాస్యంగా ఉంటుంది, అందుకే చాలామందికి గుర్తుంటుంది. గ్నూ వారి ప్రమాణాలను అచ్చువేసి, చదవకుండా తగలబెట్టమని ప్రారంభంలోనే చమత్కరిస్తుంది. సి భాషను రూపొందించిన రిచీనీ, ఆయనతో కలిసి దానిపై గ్రంథం రాసిన కెర్నిఘన్‌నూ ప్రవక్తలంటుంది. వేరియబుల్ పేరులోనే దాని రకాన్ని ఇమిడ్చే పద్ధతిని పరుషపదంతో తోసిపుచ్చుతుంది. కారణం చెప్పిన చోట ఈ హాస్యం పాఠానికి ఉప్పులా పనిచేసింది. కారణానికి బదులుగా హాస్యమే నిలబడ్డ చోట చదువరి నవ్వి ఊరుకొంటాడు, నేర్చుకొనేది తక్కువ.

అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. నియమకర్త పరిహాసం చేస్తే, ఆ నియమం అమలుచేసే వందమంది పరిహసించడం నేర్చుకొంటారు. కొత్తగా వచ్చినవారు తొలి తప్పుకే వెనక్కి తగ్గుతారు. టోర్వాల్డ్స్ తమ ఉత్తరాల పరుషత్వాన్ని 2018 సెప్టెంబరులో బహిరంగంగా ఒప్పుకొని, క్షమాపణ చెప్పి, కొంతకాలం పని నుంచి తప్పుకొన్నారు. ఆ నెలలోనే ప్రాజెక్టు కొత్త ప్రవర్తనా నియమావళిని స్వీకరించింది. 2020 జూలైలో శైలిపత్రంలోని పేర్ల అధ్యాయానికి ఒక చేర్పు వచ్చింది. యజమాని–బానిస, నల్లజాబితా–తెల్లజాబితా అన్న అర్థం వచ్చే జంటలను కొత్త పేర్లలో వాడవద్దని, బదులుగా వాడదగిన మాటలు ఇవీ అని అందులో సూచించారు. పేరు అర్థం తెలిపితే చాలదు, చదివేవారిని నొప్పించకుండా కూడా ఉండాలన్న ఎరుక ఇది. చదివేవారి పక్షాన నిలబడ్డ పత్రం తన సొంత సూత్రాన్ని ఆలస్యంగానైనా పూర్తిగా అర్థం చేసుకొందని మేము భావిస్తున్నాం.

శైలి చాలదు

చక్కని శైలి ఉంటే గ్రంథం నిలుస్తుందా? నిలవదు. చూసుకొనే మనిషి కావాలి. కెర్నల్‌లో ఏ భాగానికి ఎవరు బాధ్యులో తెలిపే జాబితా ఒకటి ఉంది. మార్పు రాసినవారు తమ పేరుతో, దీన్ని పంపే హక్కు నాకు ఉంది అని ధ్రువీకరించి సంతకం చేయాలి. 2004లో మొదలైన పద్ధతి ఇది. ఆ మార్పు ఎవరి చేతుల మీదుగా పైకి వెళ్ళిందో వారి సంతకాలూ వరుసగా చేరతాయి. పరిశీలించినవారి పేరు, పరీక్షించినవారి పేరు కూడా ఉంటాయి. తాటాకు ప్రతి చివర లేఖకుడు తన పేరు, సంవత్సరం, తిథి రాసి, తప్పులుంటే పెద్దలు దిద్దుకోవాలని వేడుకొనే ఆచారం మనకు గుర్తురాక మానదు. లేఖకుడు మన్నించమన్నాడు, వీరు బాధ్యత వహిస్తామన్నారు. తేడా అంతే.

మనిషి లేనప్పుడు ఏమవుతుందో చూపే ఉదాహరణలు రెండు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ అనే లోపం బయటపడింది. అది 2012 మార్చిలో విడుదలైన ప్రతి నుంచీ ఉంది. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పెద్ద భాగం ఆధారపడిన ఆ కోడ్‌ను కాపాడుతున్నవారు కొద్దిమందే. దాన్ని చదవడం కష్టమన్న అపఖ్యాతి అప్పటికే ఉంది. ఆ తరువాత ఓపెన్‌బిఎస్‌డి వారు దాని ప్రతి తీసుకొని వేరుగా పని మొదలుపెట్టినప్పుడు, మొదట చేసిన పనుల్లో ఒకటి మొత్తాన్ని తమ శైలిలోకి తిరగరాసుకోవడం. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వారు కూడా 2015 ఆరంభంలో తమ కోడ్ మొత్తాన్ని ఒకే శైలిలోకి మార్చుకొన్నారు. దోషం కనిపించాలంటే ముందు చదవగలగాలని ఇద్దరూ గ్రహించారు.

రెండవది 2024 మార్చి నాటిది. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళను కుదించే సాధనాన్ని చాలా ఏళ్ళుగా ఒక్క వ్యక్తి, జీతం లేకుండా, చూసుకొంటూ వచ్చారు. ఆయన అలసిపోయిన సమయంలో సాయం చేస్తానంటూ ఒకరు ప్రవేశించి, రెండు మూడేళ్ళు మంచి పనిచేసి నమ్మకం సంపాదించి, చివరకు 5.6.0, 5.6.1 ప్రతుల్లో దొంగదారి పెట్టారు. ఆ దొంగదారి శైలి తనిఖీకి దొరికే చోట లేదు. పరీక్షల కోసం ఉంచిన ఫైళ్ళలో దాగింది. దూరపు కంప్యూటరులోకి ప్రవేశించడానికి అరసెకను ఎక్కువ పడుతోందని ఒక ఇంజనీరు గమనించి, పట్టువదలక వెదకడం వల్ల అది బయటపడింది. నియమాలన్నీ పాటించిన చేయి కూడా కీడు చేయగలదని ఈ ఉదంతం నేర్పింది. అంతకన్నా ముఖ్యంగా, ఒంటరిగా బరువు మోస్తున్నవారిని మిగతావారు పట్టించుకోకపోవడమే అసలు లోపమని నేర్పింది. శైలిపత్రంలో దీనికి మందు లేదు. ఉంటుందని ఆశించడమూ న్యాయం కాదు. పత్రం పరిధి ఎక్కడ ముగుస్తుందో విమర్శకులు చెప్పాలి కనుక చెబుతున్నాం.

మనకు దీనితో పని

రాష్ట్రం వెలుపల తెలుగు చదివే మనకు ఇవి దూరపు సంగతులు కావు. మన శాఖల్లో విద్యార్థులు తక్కువ, అధ్యాపకులు తక్కువ. ఒకరు మొదలుపెట్టిన పని మరొకరు అందుకొంటేనే ఏదైనా పూర్తవుతుంది. పదసూచికలు, మాండలిక సేకరణలు, ప్రతుల జాబితాలు కాగితం మీద నుంచి కంప్యూటరులోకి మారుతున్నాయి. కాగితం మీద రాసినది ముప్పయ్యేళ్ళ తరువాత కూడా కళ్ళజోడు పెట్టుకొని చదవవచ్చు. ప్రోగ్రాం అలా కాదు. కర్త తప్ప మరొకరు చదవలేని ప్రోగ్రాం కర్త ఊరు విడిచిన రోజే సగం పోయినట్లు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే పనిలోనూ ఇదే చిక్కు. ఒకచోట ‘ఫైలు’ అని, మరొకచోట ‘దస్త్రం’ అని ఉంటుంది. రెండూ మంచి మాటలే. ఏది ఎందుకు ఎంచుకొన్నారో రాసి పెట్టనందువల్ల ప్రతి కొత్త అనువాదకుడూ ఆ తర్జనభర్జన మళ్ళీ మొదటి నుంచి పడుతున్నాడు.

మన విద్యార్థులకు మా సూచన ఇది. శైలిపత్రాన్ని ఒకసారి పూర్తిగా చదవండి, పొడవైనది కాదు. నియమాలను కంఠస్థం చేయవద్దు. ఏ నియమం కంటి అలసట మీద, జ్ఞాపకశక్తి మీద ఆధారపడిందో, ఏది అలవాటు మీద మాత్రమే నిలిచిందో వేరుచేసి చూడండి. మొదటి రకాన్ని తెలుగు రాసేటప్పుడు కూడా పాటించవచ్చు. రెండవ రకం విషయంలో మీ బృందం ఒక నిర్ణయానికి వచ్చి, దాన్ని కారణంతో సహా రాసి పెట్టుకొంటే చాలు.

మా సూచికలో ఆ పంక్తి మళ్ళీ చేరింది. దాని పైన ఇప్పుడు ఒక వ్యాఖ్య ఉంది. యూనికోడ్ క్రమంలో ‘ఱ’ రకారం పక్కన ఉంటుంది, ఈ సూచిక పాత వర్ణమాల క్రమాన్ని పాటిస్తుంది కనుక దీన్ని చివరకు పంపుతున్నాం, తీసేస్తే వరుస సంఖ్యలన్నీ తప్పుతాయి అని అందులో ఉంది. కింద తేదీ, పేరు ఉన్నాయి. రాసినది పంక్తిని తొలగించిన విద్యార్థే. ఎ1, ఎ2, ఎ3లకు బదులు ఊరు, తేదీ, పదం అన్న పేర్లు కూడా వచ్చాయి. ఆ విద్యార్థి చదువు ఈ సంవత్సరంతో ముగుస్తుంది. సూచికలో ఇంకా ఎక్కించవలసిన కాగితాలు రెండు పెట్టెలు ఉన్నాయి. తరువాత వచ్చేవారు ఎవరో మాకు తెలియదు. వారికి కావలసిన వాక్యం మాత్రం అక్కడ ఉంది.